వెలుగు తాపిన చుక్క



ఉదయగిరి, ఆత్మకూరు, ఆ చుట్టుపక్కల పల్లెల్లో పని ముగించుకుని రేడియో పెట్టుకున్న అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా బడిపిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి నేను. ఇప్పుడు మనవరాలు, మనవడు కలిసి నాకే చెబుతున్నారు.

డిసెంబరు వచ్చింది. ఆరు కాకముందే చీకటి పడుతోంది. క్రిస్మస్ సెలవులు, వాటి వెనకే సంక్రాంతి సెలవులు. పట్నాల నుంచి పిల్లలు దిగుతారు. రెండు రోజులు బాగానే ఉంటారు. మూడో రోజు నుంచి ఫోను పట్టుకుంటారు. అందుకని ఈ పూట పిల్లలతో కలిసి చేసుకునే ఒక పని చెబుతాను. చీకట్లో మెరిసే చుక్క. ఇంట్లోనే చేసుకోవచ్చు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఒక్క కిటుకు తెలిస్తే చాలు. ఆ కిటుకు తెలిసేలోగా నేను మూడుసార్లు బోల్తా పడ్డాను. ముందు అది వినండి.

పోయిన డిసెంబరులో మనవరాలు అడిగింది. "తాతా, మనింటికి కూడా స్టార్ కట్టాలి. లైటు తీసేసినా వెలగాలి." ఎంతసేపమ్మా అన్నాను. బస్టాండు దగ్గర బండ్లకు స్టిక్కర్లు అంటించే అంగడికి తీసుకుపోయాను. "రేడియం కావాలబ్బాయా" అన్నాను. చుట్టలోంచి ఇంత ముక్క కోసి ఇచ్చాడు. ఇంటికొచ్చి చుక్క ఆకారం కత్తిరించాం. గోడకు అంటించాం. పిల్లలిద్దరినీ మంచం మీద కూర్చోబెట్టి లైటు ఆర్పాను.

ఏమీ లేదు. కటిక చీకటి.

"తాతా, నీ చుక్క నిద్రపోయింది" అన్నాడు చిన్నోడు.

టార్చి వేశాను. భగ్గున మెరిసింది. టార్చి తీశాను. మళ్లీ చీకటి. అప్పుడు గుర్తొచ్చింది. అది వెలిగేది కాదు. మన వెలుగును మనకే తిప్పి కొట్టేది. రాత్రిపూట వడ్ల బస్తాల ట్రాక్టరు వెనక ఎర్రగా మెరుస్తుంది చూడండి, అది మన బండి లైటే. మనం లైటు వేస్తేనే అది కనబడుతుంది. పిల్లల సైకిలు వెనక అంటించాల్సింది దాన్నే. చీకటి గదిలో మాత్రం అది వట్టి కాగితం.

రెండోసారి రంగుల అంగడికి పోయాం. కళ్లు చెదిరే నిమ్మపండు రంగు డబ్బా చూపించి "ఇది మెరుస్తుంది సార్" అన్నాడు. పగలు చూస్తే నిజంగానే మెరుస్తోంది. దాన్ని ఫ్లోరోసెంట్ రంగు అంటారు. వెలుగు పడుతున్నంతసేపే దాని జోరు. వెలుగు ఆగిన మరుక్షణం అదీ ఆగిపోతుంది. ఆ రాత్రి కూడా పిల్లలు చీకట్లో కూర్చుని నా మొహం వైపు చూశారు. నా మొహమూ కనబడలేదనుకోండి, అది వేరే సంగతి.

మూడోసారి మా అబ్బాయి ఫోనులో ఆర్డరు పెట్టి అసలు సరుకే తెప్పించాడు. పచ్చటి పొడి, చిన్న సీసాలో. సాయంత్రం దీపాల వేళకు వచ్చింది. పిల్లలు ఆగితే కదా! వసారాలో ఎర్ర జీరో బల్బు కింద కూర్చుని అట్టకు పూశాం. ఆరింది. లైటు తీశాం. ఉందా లేదా అన్నట్టు ఏదో మసక. చిన్నోడు ఏడుపు మొదలుపెట్టాడు. నేను ఆ సీసా మీద రాసింది చదవడం మొదలుపెట్టాను.

అప్పుడు వంటింట్లోంచి వాళ్ల జేజి అంది. ఆమె సైన్సు చదవలేదు. "పొద్దుటి నుంచి డబ్బాలో మూసిపెట్టి తెస్తిరి. పాలు తాపకుండా బిడ్డను ఆడుకోమంటే ఆడతాడా?"

అదేనండి కిటుకు. ముందు వెలుగు తాపాలి. ఆ తర్వాతే చీకటి.

తెల్లారి మధ్యాహ్నం ఆ అట్టను వాకిట్లో ఎండ పొడకు పెట్టాం. పది నిమిషాలు. తీసుకొచ్చి తలుపులు, కిటికీలు వేసేశాం. గదంతా పచ్చగా వెలిగింది. చిన్నోడి పళ్లు కనబడ్డాయి.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. పిల్లలు అడుగుతారు, మనం తయారుగా ఉండాలి.

మన ఉదయగిరి దుర్గం కొండనే చూడండి. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా ఆ బండలు ఎండ తాగుతాయి. పొద్దుగూకినా చల్లబడవు. రాత్రి తొమ్మిదింటికి బండ మీద చెయ్యి పెట్టినా వేడి తగులుతుంది. బండ దాచుకునేది వేడిని. ఈ పొడి దాచుకునేది వెలుగును. పగలు తాగుతుంది, చీకట్లో కక్కుతుంది.

ఇంకో మాట అడుగుతారు పిల్లలు. "మొదట బాగా వెలిగి, తర్వాత మందగిస్తుందేం?" అని. ఆత్మకూరు వైపు పిల్లలకైతే అనంతసాగరం చెరువును చూపించండి. చెరువు నిండుగా ఉన్నప్పుడు తూము ఎత్తితే నీళ్లు ఉరుకుతాయి. మట్టం తగ్గేకొద్దీ జోరు తగ్గుతుంది. చివరికి సన్నటి ధార. తూము అదే, కాలువ అదే. లోపలి నీళ్లే తగ్గాయి. ఈ చుక్క కూడా అంతే. మొదటి పది నిమిషాలు ఉరుకుతుంది. తర్వాత గంటల తరబడి సన్నగా పారుతుంది. మళ్లీ జోరు రావాలంటే మళ్లీ నింపాలి. చెరువుకు వాన కావాలి, చుక్కకు వెలుగు కావాలి.

ఆ పొడి పేరు కొంచెం పలకడం కష్టం. స్ట్రాన్షియం అల్యూమినేట్. అందులో యూరోపియం, డిస్ప్రోసియం అనే లోహాలను రవ్వంత కలుపుతారు. కడివెడు పాలకు చెంచాడు తోడు వేసినట్టు. ఆ తోడు లేకపోతే వెలుగు నిలవదు. జపాన్‌లో నెమోటో అనే కంపెనీ వాళ్లు 1993లో దీన్ని కనిపెట్టారు. అంతకుముందు జింక్ సల్ఫైడ్ వాడేవాళ్లు. అది కాసేపట్లోనే కళ తప్పుతుంది. ఇదైతే తెల్లవారుజామున మెలకువ వచ్చి చూసినా ఎక్కడుందో ఆనవాలు తెలుస్తుంది. కొనేటప్పుడు సీసా మీద ఏ పేరుందో చదవండి.

ఇక చుక్క చేద్దాం. కాగితం, పెన్సిలు వెతుక్కోనక్కర్లేదు. వినండి చాలు.

కొబ్బరి చీపురులోంచి ఐదు లావుపాటి ఈనెలు తీయండి. ఐదూ ఒకే పొడుగు. మూర కంటే కాస్త తక్కువ ఉంటే ముద్దుగా ఉంటుంది. చిన్నప్పుడు పలక మీద బలపం ఎత్తకుండా చుక్క గీసేవాళ్లం, గుర్తుందా? ఐదు గీతలు, ఐదు కొసలు. ఆ ఐదు గీతలే ఈ ఐదు ఈనెలు. కొసల దగ్గర దారంతో కట్టండి. మధ్యలో ఒకదాని మీద ఒకటి దాటిపోయే చోట్లు కూడా ఐదుంటాయి. అక్కడా కట్టండి. కట్టకపోతే చుక్క సోలిపోతుంది. మొదటిది మాది అలాగే సోలిపోయింది. పిల్లలు దాన్నీ పారెయ్యనివ్వలేదు.

ఇప్పుడు దాని మీద తెల్ల కాగితం అంటించండి. తెల్లదే. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఎరుపు గాలిపటం కాగితం ముచ్చటగా ఉంటుంది, కానీ వద్దు. ఎందుకంటే ఈ పూత పలచన. దానిలోంచి వెలుగు ముందుకూ వస్తుంది, వెనక్కూ పోతుంది. వెనక తెలుపు ఉంటే ఆ పోయిన వెలుగును మళ్లీ ముందుకు తోస్తుంది. ముదురు రంగు ఉంటే మింగేస్తుంది. కొత్త సున్నం కొట్టిన గదిలో చిన్న బల్బు కూడా ధగధగమంటుంది. పొగచూరిన వంటింట్లో అదే బల్బు వెలవెలబోతుంది. అదే లెక్క. పాత శుభలేఖల వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, ఆ అట్ట కూడా పనికొస్తుంది. ఏ ఇంట్లో చూసినా అవి బోలెడుంటాయి.

రంగు డబ్బాలోనే కలిపి వస్తే మంచిది. పొడి తెచ్చుకుంటే పెద్దవాళ్లు కలపాలి. పొడి ఎగరకుండా, ఫ్యాను ఆపి కలపండి. ఆరిన తర్వాత అద్దంలా పారదర్శకంగా ఉండే వార్నిషుగానీ జిగురుగానీ తీసుకోండి. నీళ్లు పొయ్యొద్దు. నీళ్లలో నానితే ఈ పొడి గుణం పోతుంది. మెత్తగా ఉండాలని రోట్లో నూరొద్దు. రేణువు పెద్దదిగా ఉంటేనే ఎక్కువ వెలుగు. ఇనుప చెంచాతో తిప్పొద్దు. ఈ పొడి గరుకు. ఇనుమును గీకేసి నల్లబడుతుంది. కర్రపుల్లతో తిప్పండి.

కర్ర అంటే గుర్తొచ్చింది. ఉదయగిరి కర్ర చెంచాల సంగతి మీకు నేను చెప్పాలా! దుర్గం కొండల కర్రతో చెక్కే ఆ చెంచాలు, గరిటెలు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మా మనవరాలు ఆ చెంచాకు కూడా రంగు పూస్తానని కూర్చుంది. చీకట్లో పాయసం తాగొచ్చట. అన్నం తినే వస్తువుకు ఈ పూత వద్దని చెప్పాను. బేరమాడింది. చివరికి విరిగిపోయిన చెంచా ఒకటి ఇచ్చాను. దాన్ని బొమ్మను చేసింది. చెంచా గుంట మొహం, కాడ ఒళ్లు. కళ్లకు మాత్రం మెరుపు. రాత్రి ఆ రెండు కళ్లు చూసి మా ఇంటికి పాలు పోసే ఆమె హడలిపోయింది. ఆ తప్పు నాదే, వాకిట్లో పెట్టాను.

చుక్కకు ఒక పూత వేసి ఆరనివ్వండి. మళ్లీ రెండోది. ఓపికుంటే మూడోది. ఒక్క పూతతో సరిపెడితే పలచగా వెలుగుతుంది.

తర్వాత ఏం చెయ్యాలి? వెలుగు తాపాలి. మధ్యాహ్నమైతే వసారాలో పది నిమిషాలు చాలు. రాత్రయితే ట్యూబులైటుకు దగ్గరగా పెట్టండి. ఫోను టార్చి ఆనించి పెట్టినా ఒకటి రెండు నిమిషాల్లో తాగుతుంది. ఎర్ర బల్బు కింద మాత్రం రాత్రంతా పెట్టినా తాగదు. ఎర్ర వెలుగుకు ఆ పొడిని కదిలించే బలం లేదు. నీలం వెలుగుకు ఉంది, ఎండకు బాగా ఉంది. పాపం, మన నూనె దీపం పసుపుపచ్చ వెలుగు కూడా దీనికి పెద్దగా ఆనదు. దీపం అందం దీపానిది.

ఇంకొకటి. లైటు తీయగానే "ఏదీ, ఏదీ" అని తొందరపడొద్దు. మన కళ్లు చీకటికి అలవాటు పడాలి. బాగా అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది. అందుకని లైటు ఆర్పేసి ఒక కథ మొదలుపెట్టండి. కథ సగానికి వచ్చేసరికి కళ్లకు పదును వస్తుంది. చుక్క వెలుగు తగ్గుతున్నా మనకు మరింత బాగా కనబడుతుంది. ఈ మాయ పిల్లలకు భలే నచ్చుతుంది.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి నవ్వుతూ చెప్పే మాటలు కావు.

మనం దేన్నయినా రేడియం అనేస్తాం. బండి స్టిక్కరు రేడియం, గడియారం ముల్లు రేడియం. అసలు రేడియం వేరు. మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు 1898 డిసెంబరులో దాన్ని కనిపెట్టారు. దాన్ని కలిపిన రంగుకు వెలుగు తాపనక్కర్లేదు. రాత్రీ పగలూ తనంతట తానే వెలుగుతుంది. అమెరికాలో వంద ఏళ్ల కిందట ఆ రంగును గడియారాల అంకెలకు పూయించారు. న్యూజెర్సీలో ఆ పని చేసింది వయసులో ఉన్న ఆడపిల్లలు. అంకె సన్నగా రావాలంటే కుంచె మొన సన్నగా ఉండాలి. అందుకని కుంచెను పెదాల మధ్య పెట్టి మొన తీసేవాళ్లు. అలాగే చెయ్యమని నేర్పారు వాళ్లకు. కుంచెతో పాటు రేడియం లోపలికి పోయింది. దవడ ఎముకలు పుచ్చిపోయాయి. చాలామంది చనిపోయారు. ఐదుగురు స్త్రీలు కోర్టుకెక్కారు. 1928లో రాజీ జరిగి వాళ్లకు పరిహారం అందింది. రేడియం గర్ల్స్ అని ఈనాటికీ వాళ్లను తలుచుకుంటారు.

ఇప్పుడు మనం కొనే పొడిలో రేడియం లేదు. కంగారు పడొద్దు. కానీ మన పిల్లల చేతిలో కుంచె పెట్టి చూడండి. రెండో నిమిషంలో నోట్లో పెట్టుకుంటారు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మనం కొస నాలిక మీద తడపమూ? వాళ్లు మనల్ని చూసే నేర్చుకున్నారు. కుంచె నోట్లో పెట్టనివ్వకండి. పని కాగానే చేతులు సబ్బుతో కడిగించండి. అటక మీద తాతల నాటి అలారం గడియారం ఏదైనా ఉంటే, దాని అంకెల రంగును గోకనివ్వకండి. అది అసలు రేడియమే కావచ్చు.

తిరనాళ్లలో పిల్లల చేతికి తొడిగే రంగుల గొట్టాలు ఉంటాయి. విరిస్తే వెలుగుతాయి. వాటిది ఇంకో రకం వెలుగు. లోపల సన్నటి గాజు గొట్టం పగిలి, రెండు ద్రవాలు కలిసి వెలుగుతాయి. మిణుగురు పురుగుదీ అలాంటి పద్ధతే, ఒంట్లో రసాయనాలు కలిస్తేనే ఆ వెలుగు. మిణుగురు ఎవరినీ ఏమీ అనదు గానీ, ఆ గొట్టాన్ని కోసి సీసాలో పోసే ఆట మాత్రం వద్దు. ఆ ద్రవం కంట్లో పడితే మంట. లోపల గాజు పెంకులు ఉంటాయి.

సరే, మళ్లీ చుక్క దగ్గరికి వద్దాం. ఈ నెల్లూరు సీమకూ చుక్కకూ పాత చుట్టరికం ఉంది. 1840లో అమెరికా బాప్టిస్టు మిషనరీలు నెల్లూరు వచ్చారు. ఏళ్లు గడిచినా పని సాగలేదు. మూసేద్దామా అని 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో సభ పెట్టారు. గోడకు పటం వేలాడుతోంది. మిషన్ ఉన్న ఊళ్లకు చుక్కల గుర్తులు. బర్మా వైపు చుక్కలే చుక్కలు. బంగాళాఖాతానికి ఇటు పక్క నెల్లూరు దగ్గర ఒకే ఒక్క చుక్క. దాన్ని చూపించి ఎవరో ఒంటరి చుక్క అన్నారు. ఆ మాట పట్టుకుని శామ్యూల్ స్మిత్ అనే ఆయన ఆ రాత్రే కవిత రాశాడు. మిషన్ మూతపడలేదు. లోన్ స్టార్ మిషన్ అనే పేరు మాత్రం నిలిచిపోయింది. ఆ శతాబ్దం ముగిసేలోగా ఉదయగిరిలోనూ, ఆత్మకూరులోనూ మిషన్ వెలిసింది. ఈ సంగతి చెప్పాక మా మనవరాలు తన చుక్కకు ఒంటరి చుక్క అని పేరు పెట్టింది. చిన్నోడు ఒప్పుకోలేదు. పక్కన ఇంకోటి కట్టాడు.

పక్కింటి పిల్లలు వచ్చి చూశారు. రంజానుకు నెలవంక చేస్తామని మిగిలిన రంగు అడిగి పట్టుకుపోయారు. సంక్రాంతికి గాలిపటం తోకకు పూస్తామన్నారు ఇంకొందరు. చీకట్లో గాలిపటం ఎగరేస్తే కరెంటు తీగలు కనబడవు. అది మాత్రం కుదరదన్నాను.

రంగు ఇంకా మిగిలితే ఒక పని చెయ్యండి. గోరంత చుక్కలు నాలుగు పెట్టండి. టార్చిలైటుకు ఒకటి, అగ్గిపెట్టె గూటికి ఒకటి, స్నానాల గది గడియకు ఒకటి, స్విచ్చిబోర్డుకు ఒకటి. రాత్రి కరెంటు పోయినప్పుడు తడుముకోనక్కర్లేదు. ఆ చుక్క దారి చూపించదు సుమా. టార్చి ఎక్కడుందో చెబుతుంది, అంతే. పొలం గట్టు మీద, దొడ్లో నడవడానికి టార్చి వెయ్యాల్సిందే. మరి ఆ చుక్కలకు వెలుగు ఎవరు తాపుతారు? సాయంత్రం నుంచీ ఇంట్లో వెలిగే ట్యూబులైటే తాపుతుంది. అందుకని లైటు వెలుగు పడే చోటే పెట్టండి. బీరువా లోపల పెడితే ఆకలితో ఉంటుంది.

సమయం కావస్తోంది. పోయిన ఏడాది సెలవుల ఆఖరి రాత్రి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను.

పెద్ద తెల్ల అట్ట ఒకటి తీసుకుని అంతటా రంగు పూశాం. చీకటి చేశాం. దాని వెలుగు బాగా తగ్గేదాకా ఆగాం. చిన్నోడి అరచెయ్యి ఆ అట్ట మీద ఆనించమన్నాను. వేళ్లు విడదీసి పెట్టాడు. పైనుంచి ఫోను టార్చి వేశాను. ఒకటి, రెండు, మూడు అని ఇరవై దాకా లెక్కపెట్టింది అక్క. టార్చి ఆర్పాను. "ఇప్పుడు చెయ్యి తియ్యి" అన్నాను.

తీశాడు. అట్టంతా పచ్చగా వెలుగుతోంది. మధ్యలో నల్లగా వాడి చెయ్యి. ఐదు వేళ్లు, బొటనవేలి వంపుతో సహా. చెయ్యి తాపనివ్వని చోట వెలుగు లేదు. వాడు తన చేతిని మొహం దగ్గర పెట్టుకుని తడిమి చూసుకున్నాడు. మళ్లీ అట్ట వైపు చూశాడు.

"జేజీ, రా! నా చెయ్యి అక్కడే ఉండిపోయింది!"

తెల్లారి బస్సెక్కేముందు వాడు ఆ అట్టను పాత పేపర్లలో చుట్టుకున్నాడు. చెయ్యి ఆకారం అప్పటికే చెరిగిపోయింది. ఊరికి పోయాక జేజి చెయ్యి పెట్టిస్తాడట. దానికి ఆమె అక్కడికి రావాలి కదరా అంటే, రమ్మని ఇప్పుడే చెప్పేశానన్నాడు.